ఆరు ఫ్యాన్లకు రెండే హెడర్లు

మాది సికింద్రాబాద్‌లో మేడ మీద గది. ఏప్రిల్‌లో మధ్యాహ్నం పూట వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే నా కంప్యూటర్ ప్రాసెసర్ 90 డిగ్రీలు దాటిపోయేది. క్యాబినెట్‌తో వచ్చినవి ముందు వైపు మూడు ఫ్యాన్లే. వేడి గాలి బయటికి పోవాలని పైన రెండు, వెనక ఒకటి కొన్నాను. తీరా మూత విప్పి చూస్తే, ప్రాసెసర్ కూలర్‌ది పోగా మదర్‌బోర్డు మీద ఖాళీగా ఉన్న ఫ్యాన్ హెడర్లు, అంటే ఫ్యాన్ ప్లగ్గు తగిలించే పిన్నుల చోట్లు, రెండే.

కంప్యూటర్ సామాన్లు దొరికే సీటీసీకి వెళ్లి, చాలా ఫ్యాన్లు ఒకే చోట తగిలించే ఫ్యాన్ హబ్ ఒకటి తెచ్చాను. దానికి కరెంటు సాటా వైరు ద్వారా నేరుగా పవర్ సప్లై నుంచి వస్తుంది. మదర్‌బోర్డు నుంచి వచ్చేది వేగం ఎంత ఉండాలన్న సిగ్నల్ మాత్రమే. ఆరూ దానికే తగిలించి ఆన్ చేశాను. గదంతా హోరు! బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లో, ఎంత తగ్గించినా ముందు మూడూ ఫుల్ స్పీడ్‌లోనే తిరిగాయి. కొత్తవి మాత్రం చెప్పిన మాట విన్నాయి. రెండు సాయంత్రాలు సెట్టింగుల్లోనే వెతికాను, టెన్షన్ పడ్డాను.

కారణం ప్లగ్గుల్లో ఉంది. టార్చి వేసి పక్కపక్కన పెట్టి చూస్తే పాతవాటికి మూడు రంధ్రాలు, కొత్తవాటికి నాలుగు. మొదటి మూడూ గ్రౌండ్, 12 వోల్టులు, వేగాన్ని తిరిగి చెప్పే వైరు. నాలుగోది పీడబ్ల్యూఎం. వేగం తగ్గించమని, పెంచమని ఫ్యాన్‌కు చెప్పేది అదే. అది లేని ఫ్యాన్ వేగం తగ్గాలంటే వోల్టేజే తగ్గాలి. హబ్ ఎప్పుడూ నిండు 12 వోల్టులే ఇస్తుంది కాబట్టి అవి తగ్గే దారే లేదు.

అందుకని విడదీశాను. మూడు పిన్నులవి మూడూ, ఒక వైరును మూడుగా చీల్చే స్ప్లిటర్‌తో ఒక హెడర్‌కు పెట్టి, బయోస్‌లో దాన్ని వోల్టేజ్ తగ్గించి వేగం తగ్గించే డీసీ మోడ్‌కు మార్చాను. దానికి ముందు ఒక లెక్క తప్పనిసరి. మాన్యువల్‌లో నా హెడర్‌కు 1 ఆంపియర్, అంటే 12 వాట్లు అని ఉంది. ఫ్యాన్ వెనక స్టిక్కర్ మీద 0.25 ఆంపియర్లు. మూడింటికి 0.75. తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఇంకాస్త ఎక్కువ లాగుతాయి కాబట్టి నాలుగోది కలపలేదు. ఈ లెక్క చూడకుండా ఎంతమంది చెప్పినా స్ప్లిటర్ మీద స్ప్లిటర్ పెట్టకండి. హెడర్ పోతే బాగు చేయించాల్సింది మొత్తం బోర్డే.

నాలుగు పిన్నులవి మూడూ హబ్ మీదే ఉంచి, రెండో హెడర్‌ను పీడబ్ల్యూఎం మోడ్‌లో పెట్టాను. హోరు ఆగింది.

ఎంత వేడికి ఎంత వేగమో చెప్పే కర్వ్ దగ్గర మాత్రం ఓపిక కావాలి. 40 డిగ్రీల వరకు 30 శాతం, 60కి 50, 75కి 80, 85 దాటితే నూరు శాతం పెట్టాను. ముందువాటిని డీసీలో 40 శాతానికి దించితే మధ్య ఫ్యాన్ ఆగిపోయింది, అందుకే వాటికి కనీసం 50. బ్రౌజర్ తెరిచినప్పుడల్లా వేగం ఎగిరి పడుతుంటే, వేడి పెరిగాక వేగం పెరగడానికి పట్టే స్టెప్ అప్ టైమ్‌ను కొన్ని సెకన్లు పెంచాను. ఇప్పుడు అదే ఎక్స్‌పోర్ట్‌కు ప్రాసెసర్ 78, 80 డిగ్రీల మధ్య ఉంటోంది.

ఒక్క సంగతి మిగిలింది. స్ప్లిటర్‌లో మూడు సాకెట్లుంటే వేగం చెప్పే పిన్ను ఒకదానికే ఉంటుంది. మూడూ ఒకేసారి చెబితే బోర్డు లెక్క తప్పుతుందని మిగతావాటికి ఆ పిన్ను పెట్టరు. హబ్‌లోనూ అంతే. అంటే మిగతా నాలుగింటిలో ఏది ఆగినా తెరమీద తెలియదు. అందుకని నెలకోసారి అగరొత్తి వెలిగించి ఒక్కో ఫ్యాన్ ముందు పట్టుకుంటాను. ముందు వైపు పొగ సూటిగా లోపలికి పోవాలి, పైన నిలువుగా పైకి లేవాలి. మొన్న వెనక ఫ్యాన్ దగ్గర పొగ లోపలికి వంగింది. విప్పి చూస్తే దాన్ని నేనే తిరగేసి బిగించానని తెలిసింది. నాలుగు స్క్రూలు తీసి తిప్పి పెట్టాను.