నిమిషానికి ఇరవై

మన నర్సింగ్ కళాశాల పాత విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని కమిటీ వారు మూడుసార్లు ఫోన్ చేశారు. మూడోసారి చేసిన మనిషి గంగజాతర రాత్రి హాస్టల్ గోడ అవతల నా చెప్పులు పట్టుకొని నిలబడ్డ మనిషే కావడం వల్ల కాదనలేకపోయాను. రెండు పేజీలు దాటకూడదని, పెరుగన్నం సమ్మె గురించి ఇప్పటికే నలుగురు రాశారు గనుక ఆ జోలికి పోవద్దని షరతు పెట్టారు. పోను. నర్సింగ్ ప్రతిజ్ఞ చేస్తూ దీపాలు వెలిగించిన నాడు ఎవరి దీపం ఆరిపోయిందో కూడా రాయను, ఆమె ఇప్పుడు నర్సింగ్ సూపరింటెండెంట్.

నేను రాయదలచింది మనం సెకన్ల ముల్లక్క అని పిలుచుకున్న అక్క గురించి. మనకంటే ఒక్క సంవత్సరం మాత్రమే పెద్దదైన ఆ అమ్మాయిని నాకు సీనియరుగా ఎవరూ నియమించలేదు. హాస్టల్లో ఆమె మంచం పక్క మంచం ఖాళీగా ఉంది, నేను నా ట్రంకు పెట్టె తీసుకెళ్లి దాని కింద పెట్టాను, అంతే. పుంగనూరు పక్క పల్లెలో తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన నాకు అనాటమీ పుస్తకం తెరిస్తే కళ్లు తిరిగేవి. ఆమె ఆ పుస్తకాన్ని మూసేసి, నా చేతి ఎముకలను నా చేతనే తడిమి చూపించమని, తడిమిన తరువాతే పేరు చెప్పేది. ఆ పేర్లు ఈనాటికీ నాకు పుస్తకంలోంచి కాక మోచేతిలోంచి గుర్తుకొస్తాయి.

ఇక అసలు సంగతి. మొదటి సంవత్సరం వార్డు పోస్టింగులో నాకు ఆరు మంచాలు ఇచ్చారు. ఉష్ణోగ్రత, నాడి, శ్వాస రాసే టీపీఆర్ చార్టు కోసం ఉష్ణోగ్రత చూశాను, నాడి పట్టాను, శ్వాస మాత్రం లెక్కపెట్టకుండా ఆరుగురికీ నిమిషానికి ఇరవై అని వరుసగా రాసేశాను. పెద్దవాళ్లకు పన్నెండు నుంచి ఇరవై దాకా మామూలే గనుక ఆ అంకెను ఎవరూ ప్రశ్నించరని నా ధైర్యం. ఎవరూ ప్రశ్నించలేదు కూడా. సాయంత్రం క్యాంటీను దగ్గర ముల్లక్క మాత్రం నన్ను పక్కకు పిలిచి, "ఏం పాపా, ఆరుగురూ ఒకే తాళానికి ఊపిరి పీలుస్తా ఉండారా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.

తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆమె తన చేతిగడియారం విప్పి నాకు పెట్టి, వెనక్కి వార్డుకు తీసుకెళ్లింది. ఊపిరి లెక్కపెడుతున్నామని తెలిస్తే రోగి శ్వాస మారిపోతుంది గనుక, నాడి చూసిన తరువాత మణికట్టు వదలకుండా, ఆ చేతినే ఛాతీ మీద ఆనించి, నాడి లెక్కపెడుతున్నట్టే ముఖం పెట్టి నిమిషం పూర్తిగా లెక్కపెట్టాలని చేసి చూపించింది. పాఠంలో విన్నదే, చేతికి మాత్రం ఆ సాయంత్రమే వచ్చింది. నాలుగో మంచం మీది పెద్దాయన, "పొద్దున్నించీ దమ్ము వస్తా ఉంది పాపా, నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు" అన్నాడు. లెక్కపెడితే ముప్పై రెండు. రెండోసారి పెట్టినా ముప్పై రెండే. రక్తపోటు పడిపోకముందే చాలాసార్లు ఊపిరి వేగం పెరిగి ప్రమాదాన్ని ముందుగా చెబుతుందని, ఉష్ణోగ్రత, నాడి, శ్వాస, రక్తపోటు అనే నాలుగింటిలో శ్వాసనే అందరూ ఎగ్గొడతారని ఆమె గొంతు తగ్గించి చెప్పింది.

డ్యూటీ సిస్టరుకు ఆమే చెబుతుందనుకున్నాను. "నేను చెప్పను. పొద్దున రాసింది దొంగలెక్క అని నువ్వే చెప్పు. నేను పక్కన నిలబడతాను" అంది. చెప్పాను. సిస్టరు కలం కింద పెట్టి, నన్ను ఒక్క మాటా అనకుండా లేచి మంచం దగ్గరికి నడిచింది. డాక్టరు వచ్చారు, ఆక్సిజన్ పెట్టారు, ఆ పెద్దాయన పది రోజుల తరువాత తన కాళ్ల మీద నడిచి ఇంటికి వెళ్లాడు. వెళ్తూ నాకు నిమ్మతొనల బిళ్లలు ఇచ్చాడు. అందులో సగం ముల్లక్కకు ఇవ్వకుండా తిన్నాను, అది వేరే తప్పు.

రెండు, మూడు, నాలుగు సంవత్సరాల్లో చదివాం, రాశాం, పాసయ్యాం.

ఇప్పుడు నేను కూడా నర్సింగ్ విద్యార్థులకు పాఠం చెబుతున్నాను. మన కాలపు సంవత్సరాంత పరీక్షలు పోయి 2021-22 నుంచి బీఎస్సీ నర్సింగుకు సెమిస్టర్లు వచ్చాయి, పిల్లలకు ఊపిరి తీసుకునే సమయం ఇంకా తగ్గింది. మా దగ్గర ఇద్దరు మొదటి సంవత్సరం వాళ్లకు ఒక మూడో సంవత్సరం అమ్మాయినో అబ్బాయినో జతచేసే ఏర్పాటు నేను పట్టుబట్టి పెట్టించినదే అని కొంచెం గర్వంగానే రాసుకుంటున్నాను. సీనియరు మార్కులు వేయకూడదు. తనకు రాని పనిని నేర్పకూడదు. విన్నది మాకు చేరవేయకూడదు, అయితే రోగికో ఆ విద్యార్థికో ప్రమాదం ఉంటే మాత్రం దాచకూడదు. మొదట్లో ప్రతి కలయికకూ సంతకాల పుస్తకం కూడా పెట్టాను. నెలాఖరున చూస్తే అన్ని సంతకాలూ ఒకే రోజున, ఒకే సిరాతో పెట్టి ఉన్నాయి. నా ఆరు ఇరవైలూ గుర్తుకొచ్చి ఆ పుస్తకాన్ని ఎత్తేశాను. ఇలాంటి బంధాన్ని కాగితం మీద నిరూపించమని అడిగితే పిల్లలు కాగితాన్నే నిరూపిస్తారు.

మొన్న మధ్యాహ్నం వార్డులో ఏదో రాసుకుంటుంటే మొదటి సంవత్సరం పిల్ల ఒకతి నా బల్ల ముందుకు వచ్చి నిలబడింది. తలుపు దగ్గర మూడో సంవత్సరం అమ్మాయి గోడకు ఆనుకొని, ఎటో చూస్తున్నట్టు ఉంది. "మేడమ్, ఈ ఐదింటిలో మూడు నేను లెక్కపెట్టలేదు" అంది ఆ పిల్ల. నేను కలం కింద పెట్టి, ఏ మూడో అడిగాను.