లెక్కలో లేని ఊరు

గత నెలలో ఆఫీసులో ఒక పెద్దావిడ నన్ను మందలించింది. నలుగురిలో కాదు, నా సీటు దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి, రెండు ప్రశ్నలు అడిగి వెళ్ళిపోయింది. ఇంత చిన్న విషయం ఇన్నాళ్ళయినా మనసులోంచి ఎందుకు పోవడం లేదో నాకు నేనే చెప్పుకోవలసి వస్తోంది కనుక, మీకూ చెబుతున్నాను.

నేను అమెరికాలో ఒక విమానసంస్థ నెట్‌వర్క్ ప్లానింగ్ విభాగంలో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. ఏ ఊరికి కొత్తగా విమానం వేయాలి, వారానికి ఎన్నిసార్లు వేయాలి, ఎన్ని సీట్లది వేయాలి అన్నది లెక్కగట్టి పైవాళ్ళ ముందు పెట్టడం మా పని. ఈసారి నాకు అప్పగించింది అమెరికా తూర్పు తీరంలోని మా హబ్ (మా విమానాలు ఎక్కువగా బయలుదేరే పెద్ద విమానాశ్రయం) నుంచి కరీబియన్‌లోని సెయింట్ విన్సెంట్ ద్వీపానికి నాన్‌స్టాప్ సర్వీసు. (మనవాళ్ళు దేన్నయినా ‘డైరెక్ట్ ఫ్లైట్’ అంటారు గానీ, మా భాషలో రెండూ ఒకటి కాదు, మధ్యలో ఎక్కడో ఆగి, అదే నంబరుతో మళ్ళీ ఎగిరేది కూడా డైరెక్టే. ఎక్కడా దిగనిదే నాన్‌స్టాప్.)

ఆ ద్వీపమూ, పక్కనున్న గ్రెనడీన్స్ దీవులూ కలిసి ఒక దేశం. ఆ దేశం మొత్తం జనాభా సుమారు 1,10,000. మా నరసరావుపేట పట్టణంలో ఉండే జనం కూడా ఇంచుమించు అంతే. ఒకప్పుడు అక్కడ ఆర్నోస్ వేల్ అనే చోట పొట్టి రన్‌వే ఒకటి ఉండేది; పెద్ద జెట్లు దిగే వీలు లేదు కాబట్టి జనం బార్బడోస్‌లోనో ట్రినిడాడ్‌లోనో దిగి చిన్న విమానం ఎక్కేవారు. తరువాత ఆ ద్వీపం తూర్పు తీరంలో ఆర్గైల్ దగ్గర కొండలు తొలిచి, లోయలు పూడ్చి, 2,743 మీటర్ల రన్‌వేతో కొత్త విమానాశ్రయం కట్టుకుని 2017 ఫిబ్రవరి 14న తెరిచారు. మా ఊరంత దేశం తన కోసం కొండలను చదును చేసుకున్నదని చదివినప్పుడు నాకు కొంచెం అసూయ కూడా కలిగింది. ఆ అసూయను స్లయిడ్లలో చూపించే వీలు లేదు కనుక చూపించలేదు.

స్లయిడ్లలో నేను చూపించినవి వేరే. శీతాకాలంలో గ్రెనడీన్స్ దీవులకు పడవల్లో తిరగడానికి వచ్చే డబ్బున్న యాత్రికులు, శనివారం నుంచి శనివారం వరకు అద్దెకు తీసుకునే విల్లాలు, కనుక డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు శనివారం ఒక్క సర్వీసు. నష్టభయాల పట్టికలో 2021 ఏప్రిల్‌లో ఆ ద్వీపంలోని లా సూఫ్రియేర్ అగ్నిపర్వతం పేలడాన్నీ, 2024 జూలై 1న గ్రెనడీన్స్‌లోని యూనియన్ ద్వీపాన్ని ఊడ్చిపెట్టిన బెరిల్ తుఫానునూ రాశాను. చివరి స్లయిడ్‌లో, సొంత ఊళ్ళకు పోయివచ్చే ప్రయాణికుల గురించి ఒక్క వరుస రాశాను: ‘రాబడి తక్కువ, సంఖ్య లెక్కలోకి రానిది’. మా పరిశ్రమలో బంధుమిత్రులను చూడడానికి వెళ్ళేవారిని విఎఫ్‌ఆర్ అంటారు. వాళ్ళు ఆరు నెలల ముందే చవక టికెట్టు వెతుక్కుంటారు, రెండేసి పెట్టెలు నిండా బరువు తెస్తారు, ముందు వరుసల ఖరీదైన సీట్లు కొనరు. ఇది నేను కల్పించిన సిద్ధాంతం కాదు. ఈ వృత్తిలో అందరూ మొదటి వారంలోనే నేర్చుకునే మాట.

సమావేశంలో ఎవరూ ఏమీ అనలేదు. మధ్యాహ్నం టారిఫ్ విభాగంలో టికెట్ ధరలు నమోదు చేసే పెద్దావిడ నా దగ్గరకు వచ్చింది. ఆవిడది సెయింట్ విన్సెంట్ అని అప్పటిదాకా నాకు తెలియదు. అందరినీ ‘డార్లింగ్’ అని పిలుస్తుంది. మనం ‘నాయనా’ అన్నట్టే, అందులో ముద్దూ ఉంటుంది, మందలింపూ ఉంటుంది. “డార్లింగ్, ఆ లెక్కలోకి రానిదాన్ని నేనే” అన్నది. తరువాత, “నువ్వు ఇంటికి ఎలా వెళ్తావు?” అని అడిగింది. దోహా మీదుగా హైదరాబాదు వెళ్తానని చెప్పాను. “మీ ఇల్లు హైదరాబాదులోనా?” అన్నది.

కాదు. శంషాబాదులో తెల్లవారుజామున దిగి, బావగారు పంపిన కారులో నల్గొండ, మిర్యాలగూడ దాటి, వాడపల్లి వంతెన మీద కృష్ణను చూసి, పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దుమ్ములోంచి నరసరావుపేట చేరేసరికి మరో అయిదు గంటలు పడుతుంది. నా టికెట్టు మీద మాత్రం గమ్యం హైదరాబాదే. తొమ్మిదేళ్ళలో నేను చేసిన ప్రయాణాలన్నీ ఏ విమానసంస్థ లెక్కలో చూసినా నేను హైదరాబాదు మనిషిని. పల్నాడు అనే చోటికి అమెరికా నుంచి ఒక్కడూ వెళ్ళడు.

ఆవిడ చెప్పింది కూడా అదే. బ్రూక్లిన్‌లో ఉన్న ఆవిడ బంధువులు చాలామంది న్యూయార్క్ నుంచి బార్బడోస్‌కు ఒక టికెట్టు కొంటారు. అక్కడి నుంచి ద్వీపానికి చిన్న విమానానికి ఇంకొకటి, విడిగా, ఒక్కోసారి అక్కడికి చేరాకే కొంటారు. రెండు టికెట్లూ వేర్వేరు కనుక మా పట్టికలో వాళ్ళంతా బార్బడోస్ సముద్రతీరానికి వెళ్ళిన యాత్రికులుగా కనబడతారు. ఆవిడ తల్లి పోయినప్పుడు బార్బడోస్ చేరేసరికి ఆ రోజు చివరి చిన్న విమానం వెళ్ళిపోయిందట. రాత్రంతా కుర్చీలో కూర్చుని, మరునాడు ఊరు చేరేసరికి శవపేటికను చర్చిలోంచి బయటకు తెస్తున్నారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతు మారలేదు. నేను మాత్రం కంప్యూటర్ తెర వైపు తిరిగాను. తాతయ్య పోయినప్పుడు నేను పెద్దకర్మకే అందుకున్నాను.

ఇంటికి వెళ్ళాక ఆవిడతో మనసులోనే చాలాసేపు వాదించాను. నేను రాసింది తప్పు కాదు. నాలుగు గంటలకు పైబడిన ఈ ప్రయాణానికి పంపే విమానం ఆ సమయంలో అమెరికాలోనే దగ్గర ఊరికి పోయి తిరిగి రాగలదు. తీరానికి 50 నాటికల్ మైళ్ళు దాటి సముద్రం మీద ఎగరాలంటే ప్రమాదంలో నీటి మీద తేలడానికి తెప్పలున్న విమానమే కావాలి. అన్ని విమానాల్లోనూ అవి ఉండవు. సీట్లు నిండకపోతే ఆ లోటు ద్వీప ప్రభుత్వం పూడుస్తుందా, అంటే రాబడి గ్యారంటీ ఇస్తుందా అన్న బేరం ఇంకా తేలలేదు. పైగా హైదరాబాదు సంగతే చూడండి: 2021 జనవరిలో చికాగోకు నాన్‌స్టాప్ మొదలైతే మన ఇళ్ళలో పండగ చేసుకున్నాం, కొన్నాళ్ళకే అది ఆగిపోయింది. కన్నీళ్ళతో విమానాలు ఎగరవు అని ఆవిడతో అనాలనిపించింది. అనలేదు, మా అమ్మ వయసు మనిషి.

మన దేశంలో పైఅధికారి అందరిముందూ చెడామడా తిట్టి, సాయంత్రం తానే టీ తెప్పిస్తాడు, అక్కడితో సరి. ఇక్కడి మందలింపు అలా వెంటనే చల్లారదు. నెమ్మదిగా చెప్పి వెళ్ళిపోతారు, మిగిలినది మనమే నెమరు వేసుకోవాలి. మన పద్ధతే మేలని ఆ రాత్రి నాకు గట్టిగా తోచింది.

మరునాడు లెక్క మళ్ళీ తెరిచాను. బార్బడోస్ టికెట్లలో న్యూయార్క్ నుంచి ఒంటరిగా, ఎక్కువ రోజులకు, ఎక్కువ సామానుతో, జూన్ చివరి వారంలో వెళ్ళినవాళ్ళను వేరుచేసి చూశాను. జూన్ 1న తుఫానుల కాలం మొదలవుతుంది కనుక యాత్రికులు తగ్గుతారని మా మోడల్ చెబుతుంది. సెయింట్ విన్సెంట్ వాళ్ళ కార్నివాల్ విన్సీ మాస్ జరిగేది సరిగ్గా జూన్ చివర, జూలై మొదట్లో. ఇక డిసెంబరు 16 నుంచి క్రిస్మస్ ముందు వరకు తొమ్మిది రోజులు అక్కడివాళ్ళు చీకటితోనే లేచి పాటలు పాడుతూ వీధుల్లోకి వస్తారట, దాని పేరే నైన్ మార్నింగ్స్. మనకు ధనుర్మాసం పట్టేదీ ఆ తేదీనే. తంబూరా పట్టుకుని హరిదాసు వచ్చే వేళకు ఊళ్ళో ఉండాలని ప్రతి ఏడూ సెలవు లెక్కపెట్టుకునే నేను, అదే తేదీకి ఇల్లు చేరాలనుకునే మనుషులను ‘రాబడి తక్కువ’ అని రాశాను.

శనివారానికి తోడు జూన్, డిసెంబరు నెలల్లో మంగళవారం సర్వీసు ఒకటి కలిపి కొత్త అంచనా పంపాను. ‘లెక్కలోకి రానిది’ అన్న మాట తీసి, ‘లెక్కకు అందనిది’ అని రాశాను. మా మేనేజరుకు ఆ తేడా పెద్దగా తెలిసినట్టు లేదు. ఫైలు ఇప్పుడు ఫైనాన్సు వాళ్ళ దగ్గర ఉంది. ఒప్పుకుంటారన్న నమ్మకం నాకు పెద్దగా లేదు.

ఆవిడకు ఈ సంగతి చెబితే ఏమీ అనలేదు. మరునాడు నా బల్ల మీద ఒక తెల్లని పొడి పొట్లం పెట్టి ఉంది. ఆరారూటు. ఆ ద్వీపం ఒకప్పుడు ప్రపంచానికంతటికీ ఆరారూటు పంపిన చోటు. అమ్మకు ఫోనులో చూపిస్తే, “పాలగుండ గదరా, నీకు కడుపు నొప్పి వస్తే కాచి పోసేదాన్ని” అన్నది. తరువాత ఆ పెద్దావిడతో మాట్లాడుతూ తెలిసింది, వాళ్ళ నాయనమ్మ తరఫు వాళ్ళు మద్రాసు నుంచి వచ్చారట. 1861 జూన్ 1న ‘ట్రావంకోర్’ అనే ఓడ మద్రాసు నుంచి కూలీలను తెచ్చి అక్కడ దించింది. అప్పటికి మన కోస్తా జిల్లాలూ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. ఆ ఓడ దిగినవాళ్ళ ఊళ్ళ పేర్లు ఆవిడ ఇంట్లో ఎవరికీ గుర్తు లేవు. అందరూ మద్రాసు అనే చెప్పుకుంటారు.

ఈ డిసెంబరుకు నా టికెట్టు నిన్ననే కొన్నాను. దోహా మీదుగా, హైదరాబాదుకు.