హీరో మారితే పర్లేదు

మా తమ్ముడికీ నాకూ ఎప్పటికీ తెగని తగువొకటి ఉంది. ‘డాక్టర్ హూ’ని వాడు హీరోల లెక్కన గుర్తుపెట్టుకుంటాడు, నేను రైటర్ల లెక్కన. “అది డేవిడ్ టెనంట్ టైమక్కా” అంటాడు వాడు. “కాదురా, డేవిస్ టైము” అంటాను నేను. గుంటూరు అరండల్‌పేటలో వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా ఈ గోల వినలేక మా మరదలు వంటింట్లోకి వెళ్లిపోతుంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది 1963 నవంబరు 23న బీబీసీలో మొదలైన సైన్స్ ఫిక్షన్ సిరీస్. కాలంలో వెనక్కీ ముందుకీ తిరిగే ‘డాక్టర్’ అనే ఒక గ్రహాంతరవాసి కథ. మొదటి హీరో విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం బాగోక 1966లో తప్పుకున్నాడు. అప్పుడు, ఈ మనిషి చావు అంచుకి వెళ్లినప్పుడు కొత్త మొహంతో లేస్తాడని రాసేసి ఇంకో నటుణ్ణి పెట్టుకున్నారు. ఇన్నేళ్లు బతికించింది ఆ ఒక్క ఆలోచనే. మొట్టమొదటి కథకి దర్శకుడు వారిస్ హుసేన్ లక్నోలో పుట్టినవాడని తెలిసి నాకు కాస్త గర్వం కూడా వేసింది, ఎందుకో మరి!

అంటే హీరో మారడం అక్కడ కథలోనే ఉంది. దానికి కారణం చెప్తారు, మెరుపులు చూపిస్తారు, మనల్ని ఏడిపిస్తారు. రైటర్ మారినప్పుడు ఇవేమీ ఉండవు. టైటిల్స్‌లో ఒక పేరు పోయి ఇంకో పేరు వస్తుంది. నేను ఏలూరు రోడ్డులో ఇంటర్ గైడ్లు వేసేచోట ప్రూఫులు చూస్తాను కాబట్టి ఆ పేర్లమీదకే కళ్లు పోతాయి. ఫిజిక్స్ రాసే లెక్చరర్ మారితే అట్టమీద పేరు చూడక్కర్లేదు, పేజీలు చెప్పేస్తాయి. ఒకాయనకి ప్రతి లెక్కకీ బొమ్మ ఉండి తీరాలి, ఇంకొకాయనకి బొమ్మంటే చోటు దండగ.

పాత రోజుల్లో నిర్మాత పక్కన స్క్రిప్ట్ ఎడిటర్ అని ఒకరుండేవారు. కథల రుచి ఆయన్నిబట్టే ఉండేది. 1989లో ఆగిపోయి 2005 మార్చి 26న మళ్లీ మొదలైనప్పటినుంచి మాత్రం అంతా షోరన్నర్ చేతిలోనే. ఆయనే ముఖ్య రచయిత, మిగతావాళ్ల స్క్రిప్టులు కూడా ఆయన చేతిమీదుగానే పోవాలి.

ఆ మొదటాయన రస్సెల్ టీ డేవిస్. ఆయన కథల్లో ఆకాశంలో ఎంత ప్రళయం జరిగినా కింద ఒక అమ్మ ఉంటుంది. బట్టల షాపులో పనిచేసే రోజ్ అనే పిల్ల డాక్టర్‌తో వెళ్లిపోతుంది. పన్నెండు గంటల్లో తిరిగొచ్చామనుకుని ఇంటికెళ్తే పన్నెండు నెలలు గడిచిపోయి ఉంటాయి. ఊళ్లో ఆ పిల్ల ఫోటోతో ‘కనబడుటలేదు’ పోస్టర్లు. తల్లి డాక్టర్ చెంప పగలగొడుతుంది. అది చూసి నేను లేచి నిలబడ్డాను. కాలంలో ప్రయాణం అంటే ఇంటి దగ్గరవాళ్లకి ఏమవుతుందో అప్పటిదాకా నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ తర్వాత, 2010 ఏప్రిల్ 3న, స్టీవెన్ మోఫాట్ పగ్గాలు పట్టుకున్న మొదటి ఎపిసోడ్. అందులోనూ ఇదే సంగతి. ఎమీ అనే చిన్నపిల్లకి డాక్టర్ ఐదు నిమిషాల్లో వస్తానని చెప్పి పన్నెండేళ్ల తర్వాత వస్తాడు. పాప పెట్టె సర్దుకుని తోటలో కూర్చుంటుంది. కానీ పోస్టర్లు లేవు, చెంపదెబ్బ కొట్టడానికి తల్లి లేదు. తల్లిదండ్రులు ఎందుకు లేరు, పాప గది గోడకి పడ్డ పగులు ఏమిటి అన్నది పెద్ద చిక్కుముడి, సీజన్ అంతా విప్పుతూ పోవాలి. ఆలస్యంగా రావడం ఒకటే. డేవిస్ ‘ఎవరు ఏడ్చారు’ అని అడిగాడు, మోఫాట్ ‘దీని వెనక ఏముంది’ అని అడిగాడు. హీరో పేరు, అతను కాలంలో తిరిగే నీలం డబ్బా, ఆ సంగీతం అన్నీ ఉన్నాయి, సిరీస్ మాత్రం వేరే.

విచిత్రం ఏమిటంటే మోఫాట్ కొత్తవాడు కాదు. డేవిస్ కింద ఏడాదికో కథ రాసి, వాటిలో మూడింటికి వరసగా 2006, 2007, 2008లో హ్యూగో అవార్డులు తెచ్చుకున్నాడు. మనం రెప్ప వేస్తే కదిలొచ్చే విగ్రహాల కథ ‘బ్లింక్’ చూసినవాళ్లు ఇప్పటికీ విగ్రహం కనపడితే రెప్ప వేయరు. ఇతని చేతికే మొత్తం ఇస్తే ఎలా ఉంటుందో అని మేమంతా కలలు కన్నాం. ఇచ్చారు. ఏడాదికొకటి వచ్చినప్పుడు గొప్పగా ఉన్న తెలివి వారంవారం వస్తే కొంచెం ఊపిరాడనివ్వలేదు. పక్కన డేవిస్ అమ్మలూ పిన్నులూ ఉండబట్టే ఆ తెలివి అంతలా మెరిసిందని నా అనుమానం. తమ్ముడు ఒప్పుకోడు. వాడికి మోఫాట్ తెచ్చిన డాక్టర్ మ్యాట్ స్మిత్ అంటే ప్రాణం.

అయినా మోఫాట్‌కి ఒక విషయంలో దణ్ణం పెడతాను. పాత బాకీలు ఎగ్గొట్టలేదు. 1976లో రాబర్ట్ హోమ్స్ అనే రచయిత ఒక కథలో, డాక్టర్ జాతివాళ్లు పన్నెండుసార్లు మాత్రమే ఒళ్లు మార్చుకోగలరని రాశాడు. అప్పటికి వాడుతున్నది నాలుగో మొహమే, ఎవరికి పట్టింది? 2013 వచ్చేసరికి మెడకి చుట్టుకుంది. గాలికి వదిలేసి ఉండొచ్చు. ఈయన కూర్చుని లెక్కపెట్టాడు. తనే కొత్తగా మధ్యలో దూర్చిన జాన్ హర్ట్ డాక్టర్‌ని కలిపాడు, డేవిస్ రోజుల్లో టెనంట్ మొహం మారకుండానే ఖర్చుపెట్టేసిన ఒక ఛాన్సుని కూడా కలిపాడు. పేరుకి పదకొండోవాడైన మ్యాట్ స్మిత్‌తో పద్దు అయిపోయిందని తేల్చి, ఆ క్రిస్మస్ కథ మొత్తం దానిమీదే నడిపించి, చివర్లో కొత్త ఆయుష్షు పోయించాడు.

అదే ఏడాది యాభయ్యో పుట్టినరోజు కథ ఇంకా కష్టమైనది. డాక్టర్ తన సొంత గ్రహాన్ని, గాలిఫ్రేని, తనే నాశనం చేశాడని డేవిస్ పెట్టాడు. ఆ పాపభారమే 2005 నుంచి హీరోని నడిపిస్తోంది. మోఫాట్ ఆ గ్రహాన్ని బతికించాడు. కానీ బతికించిన సంగతి మ్యాట్ స్మిత్‌కి ముందటి డాక్టర్లకి గుర్తుండదన్నాడు. అంటే డేవిస్ రాసిన ఏడుపులన్నీ ఏడుపులుగానే మిగిలాయి. ఒక్క సీను కూడా అబద్ధం కాలేదు.

ఇలాంటివి చూసినప్పుడు నాకు ఎర్రన గుర్తొస్తాడు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో శరత్కాలపు రాత్రుల దగ్గర ఆగిపోయాడు. తిక్కన దాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి అందుకుని చివరిదాకా తనదైన తెలుగులో నడిపేశాడు. మధ్యలో మిగిలిన ఖాళీ ఎర్రన పాలిట పడింది. ఆయన శరత్కాలపు ఉదయాలతో మొదలుపెట్టాడు. రాత్రి ఎక్కడ ఆగిందో అక్కడే తెల్లవారింది. నన్నయలా మొదలై పోనుపోను తిక్కనకి దగ్గరయ్యాడని మా తెలుగు మాస్టారు చెప్పేవారు. పైగా అంకితం కూడా నన్నయ కాలపు రాజరాజనరేంద్రుడికే ఇచ్చాడు.

క్రిస్ చిబ్నాల్ దగ్గర నాకు ఈ గుణమే కనపడలేదు. 1986లో కుర్రాడిగా టీవీలో కూర్చుని ‘డాక్టర్ హూ’ రచయితల్ని మొహంమీదే విమర్శించిన అభిమాని అతను. 2018లో అతనికే బాధ్యత వచ్చింది. తొలిసారి ఆడమనిషిని, జోడీ విటేకర్‌ని, డాక్టర్‌ని చేశాడు. మొదటి సీజన్ పది ఎపిసోడ్లలో పాత శత్రువులెవరినీ రానివ్వలేదు. బాగుంది అనుకున్నాను. 2020 వచ్చేసరికి మోఫాట్ బతికించిన గాలిఫ్రే మళ్లీ బూడిద, అదీ మనకి చూపించకుండా. ఆ మార్చి 1న వచ్చిన ఎపిసోడ్‌లో, డాక్టర్ అసలు ఆ జాతే కాదు, ఎక్కడో దొరికిన బిడ్డ అని తేల్చేశాడు. హార్ట్‌నెల్ మొదటివాడే కాకుండా పోయాడు. నాకు ఒళ్లు మండింది. తమ్ముడు ఆ రోజు ఒక్కసారికి నా పక్షమే.

కానీ వినయ్ పటేల్ రాసిన 1947 ఆగస్టు కథ అతని హయాంలోనే వచ్చింది. పంజాబులో ఒక హిందూ అబ్బాయి, ముస్లిం అమ్మాయి పెళ్లి. గ్రహాంతరవాసులు ఉన్నారు గానీ వాళ్లు చంపడానికి రాలేదు, ఎవరూ తోడులేకుండా చనిపోయేవాళ్లకి సాక్షులుగా నిలబడతారంతే. చంపేది అన్నదమ్ములూ ఇరుగుపొరుగే. ఇంగ్లీషు రాని మా అమ్మ అది ఒక్కటీ చివరిదాకా చూసింది. మోఫాట్ అయితే అందులో ఏదో ఒక మెలిక పెట్టకుండా ఉండలేకపోయేవాడు.

2023 నవంబరులో డేవిస్ మళ్లీ వచ్చాడు. అందరం ఒకటే ఎదురుచూశాం, ఆ దొరికిన బిడ్డ గొడవ తుడిచేస్తాడని. తుడవలేదు. తను ఎక్కడివాడో తనకే తెలియదన్న బాధని, డాక్టర్‌గా మళ్లీ తీసుకొచ్చిన టెనంట్ నోట పలికించాడు. ఆ క్రిస్మస్‌కి, పుట్టగానే చర్చి గుమ్మంలో వదిలేసిన రూబీ అనే అమ్మాయిని తెచ్చి కొత్త డాక్టర్ షూటీ గాట్వా పక్కన నిలబెట్టాడు. ఇద్దరూ దొరికిన బిడ్డలే. నాకు నచ్చనే నచ్చని విషయాన్ని ఆయన కన్నవాళ్లూ పెంచినవాళ్లూ ఉన్న కథగా మార్చేశాడు. తర్వాత వచ్చిన సీజన్ల ముగింపుల మీద నాకు చాలా కంప్లైంట్లు ఉన్నాయి, అవి వేరే పోస్టు.

మొన్న మా ఆఫీసులో డీటీపీ చేసే అమ్మాయి ఎక్కడినుంచి మొదలుపెట్టాలి మేడం అని అడిగింది. తమ్ముడైతే ‘బ్లింక్’ అంటాడు, అందరూ అదే అంటారు. నేను వద్దన్నాను. అందులో డాక్టర్ సరిగ్గా కనపడడు కూడా. 2005 నుంచి మొదలుపెట్టి నాలుగో ఎపిసోడ్‌లో ఆ తల్లి చెంపదెబ్బ దాకా ఓపిక పట్టమన్నాను. అది నచ్చితే వరసగా చూసుకుంటూ పోవచ్చు, నచ్చకపోతే 2010కి దూకేసినా నష్టం లేదు.