కళాపూర్ణోదయం రెండోసారి: ఎవరు ఎవరి రూపంలో ఉన్నారు?

ఫిబ్రవరి

గంధర్వులు, అప్సరసలు, ఆకాశంలో తేలిపోయే విమానం, కోరిన రూపం ధరించే వరం, వీటన్నిటి నడుమ తెగని ప్రేమ. నాకిష్టమైన ఫాంటసీ ప్రేమకథ ఏదని అడిగితే ఇప్పటికీ పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ పేరే చెబుతాను. పురాణాల్లో ఎక్కడా లేని కథను 16వ శతాబ్దంలో సొంతంగా అల్లి, ఎనిమిది ఆశ్వాసాలు (అధ్యాయాలు) చేసి, నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చాడాయన. కడపలో కూర్చుని చదువుతుంటే, మన సీమ రాజు వినిపించుకున్న పుస్తకం కదా అని ఒక మురిపెం.

మొదటిసారి కథ ఏమైపోతుందోనన్న ఆత్రంతోనే చదివేశాను. ఈసారి ముగింపు తెలుసు గనక వేరే పని పెట్టుకున్నా. ప్రతి ఘట్టంలో ఎవరు ఎవరి రూపంలో ఉన్నారు, ఆ సంగతి ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు, ఇది రాసుకుంటూ పోవాలి.

కావలసినవి ఎక్కువేం లేవు. తాత్పర్యం ఉన్న కావ్యప్రతి ఒకటి, పెన్సిలు, పొడుగాటి లెక్కల పుస్తకం, ఫోనులో ఆంధ్రభారతి నిఘంటువు. శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు రెండూ ఒకేచోట వెతుక్కోవచ్చు కాబట్టి పద్యం మధ్యలో లేచి పోయే పని తప్పింది. తాత్పర్యంతో తృప్తి కలగని చోట్ల గుర్తు పెట్టుకుని, తీరిక దొరికినప్పుడు ఇక్కడి బ్రౌన్ గ్రంథాలయానికి పోయి పాత ప్రతులు తిరగేస్తున్నా.

చదివే పద్ధతి కూడా మార్చాను. ఇది చంపువు కదా, పద్యాల మధ్య వచనాలుంటాయి. ముందు ఆ వచనాలు మాత్రం చదువుకుంటా. కథ చాలావరకు వాటిలోనే నడుస్తుంది. తర్వాత వెనక్కొచ్చి పద్యాలు పైకి చదువుతా. సంధి విడిపోయే చోట పెన్సిలుతో నిలువు గీత పెడితే సగం కష్టం తీరుతుంది. సీసపద్యం భయపెడితే దాని కింద అతికి ఉండే చిన్న పద్యాన్ని, అంటే గీతాన్ని, ముందు చూడండి. వాక్యాన్ని ముగించే క్రియ తరచుగా అక్కడ దొరుకుతుంది, అది దొరికితే పైనున్న నాలుగు పాదాలు ఎవరి గురించో తేలిపోతుంది. కంద పద్యాలకు ఈ తంటా లేదు.

మార్చి

మొదటి ఆశ్వాసం దగ్గరే చాలా రోజులు ఆగిపోయాను, కావాలనే. ద్వారకలో ఒక తోట, చెలులతో కలిసి ఊయల ఊగుతున్న కలభాషిణి. పైన విమానంలో రంభ, ఆమె ప్రియుడు నలకూబరుడు. నారదుడు, శిష్యుడైన మణికంధరుడు కూడా అదే దారిన వస్తారు. రంభకు తన అందం మీద గర్వం, నారదుడి నోట దానికి తగిన జవాబు, కింద కలభాషిణికి నలకూబరుడి మీద మనసు. తర్వాత జరిగే చిక్కంతా ఈ ఊయల దగ్గరే మొదలైంది. మొదటిసారి దీన్ని అందమైన వర్ణన అనుకుని దాటేశాను. ఇప్పుడు చూస్తే ఇందులో వృథాగా పడ్డ మాట లేదు.

నలకూబరుడి కోసం కలభాషిణి రంభ రూపం ధరిస్తుంది. అక్కడ ఆమెకు దొరికింది నలకూబరుడి రూపంలో ఉన్న మణికంధరుడు! నా పుస్తకంలో ఆ పేజీ ఇలా ఉంది:

కలభాషిణి. రూపం రంభది. ఎదుట ఉన్నది నలకూబరుడనుకుంది.
మణికంధరుడు. రూపం నలకూబరుడిది. ఎదుట ఉన్నది రంభ అనుకున్నాడు.

మధ్యాహ్నం చింతపండు గింజలు తీస్తూ మా అత్తమ్మ కథ చెప్పమంటే ఈ పేజీ చూపించి చెప్పాను. ఆమె చేతిలో పని ఆపి, “అయితే ఆయప్పకు ఆయమ్మ దొరకల్యా, ఆయమ్మకు ఆయప్పా దొరకల్యా. మరి ఇద్దరూ ఎవురిని చూసి సంతోషపడినట్లు?” అనింది.

ఆ ప్రశ్నను అదే పేజీ కింద రాసి పెట్టుకున్నా. ఇక పుస్తకమంతా దాన్ని పట్టుకునే చదువుతున్నా.

ఏప్రిల్

ఎండలు ముదిరాయి. తెల్లారుజామున వాకిలి చల్లాక ఎంత చదివితే అంతే. రాత్రిపూట పద్యం బుర్రకెక్కడం లేదు.

శాలీనుడు, సుగాత్రి కథకు వచ్చాను. నగలూ చీరలూ పెట్టుకుని వచ్చిన భార్యను చూస్తే శాలీనుడికి మనసు కదలదు. ఆమె వాటిని పక్కన పెట్టి అతనితో పాటు తోటపనికి దిగుతుంది. చెమట పట్టి, జుట్టు చెదిరిన సుగాత్రిని చూశాక ప్రేమ పుడుతుంది. నాకు ఈ పుస్తకంలో ఇంతకన్నా ప్రియమైన ఘట్టం లేదు. సూరన ఈ జంటను ఊరికే పెట్టలేదు. అక్కడ కలభాషిణి తన రూపం దాచుకుంటే గానీ ప్రేమ అందలేదు. ఇక్కడ సుగాత్రి అలంకారం తీసేస్తే గానీ అందలేదు. అత్తమ్మ అడిగినదానికి సూరన జవాబు ఇదేనని నా నమ్మకం. పైగా ఈ ఇద్దరూ, మనం ముందే వేరే పేర్లతో చూసిన మణిస్తంభుడు, సుముఖాసత్తి. అది తెలిసి మొదటి ఆశ్వాసాలకు వెనక్కి పోతే వాళ్ల మాటలన్నీ కొత్తగా వినిపిస్తాయి. రెండోసారి చదివేవాళ్లకు మాత్రమే దక్కే ఆనందం ఇది.

ఎర్రగుంట్ల నుంచి నంద్యాల రైల్లో పోతూ కూడా ఈ ఘట్టమే మళ్లీ చదివాను. 2016లో తెరిచిన ఆ లైను మీద ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, బనగానపల్లె దాటుకుంటూ పోవచ్చు. కిటికీ పక్కన కూర్చుంటే ఒక ఆశ్వాసం హాయిగా సాగుతుంది.

మే

మిగతా ఆశ్వాసాలు త్వరగానే అయ్యాయి. తర్వాతి జన్మల పేర్లు వచ్చేసరికి నా పట్టికలో ఇంకో గడి గీయాల్సి వచ్చింది: పోయిన జన్మలో ఎవరు? యుద్ధాలూ రాజ్యాలూ వచ్చే చోట నాకు అంత రుచి తగల్లేదు, పైపైన చూశాను.

విమర్శ కావాలనుకునేవాళ్లు కట్టమంచి రామలింగారెడ్డి 1914 నాటి ‘కవిత్వతత్త్వ విచారము’ చదవండి, కానీ కావ్యం అయ్యాకే. ఇంట్లో పిల్లలు ఇంగ్లీషులోనే చదువుతామంటే వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ చేసిన 2002 నాటి అనువాదం ఉంది. పట్టిక మాత్రం ఎవరికి వాళ్లు గీసుకోవాలి. నాది చూసి చదివితే చిక్కు విప్పుకునే సరదా పోతుంది.

జూన్‌లో సూరనదే ‘ప్రభావతీ ప్రద్యుమ్నం’ తీస్తున్నా. అందులో రాయబారం నడిపే హంస శుచిముఖి ఉంది. దాని మాటలన్నీ విడిగా రాసుకోవడానికి లెక్కల పుస్తకంలో ఇంకా తెల్లకాగితాలు మిగిలాయి. అత్తమ్మ ఈసారి కథ మొదటి నుంచీ వింటానంది.