సూది మీద రెండేళ్ళు నెపం వేశాను

మా పాపకి ఇప్పుడు రెండేళ్ళ ఎనిమిది నెలలు. నా నడుము నొప్పి వయసూ ఇంచుమించు అంతే. ఎందుకొచ్చిందని ఎవరడిగినా ఒకటే జవాబు చెప్పేదాన్ని: కాన్పు నొప్పులు తెలియకుండా ఎపిడ్యూరల్ అనే మత్తు తీసుకున్నాను, వెన్నులో సూది గుచ్చారు, అందుకే. విన్నవాళ్ళు కూడా "అవునమ్మా, ఆ ఇంజెక్షన్ అంతే, జన్మంతా ఉంటుంది" అనేవాళ్ళు. ఒక్కరూ కాదనలేదు, దాంతో నాకూ అనుమానం రాలేదు.

పైగా అది నేను కోరి తీసుకున్నది. మన దగ్గర సిజేరియన్లకి కొదవ లేదు, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో నూటికి 60 పైనే ఆపరేషన్లు. ఆ ఆపరేషన్‌కి వెన్నులో సూది వేస్తే ఎవరూ ఏమీ అనరు. నార్మల్ డెలివరీలో నొప్పులు తెలియకుండా వేయించుకుంటే మాత్రం "ఆ మాత్రం ఓర్చుకోలేకపోయిందా" అంటారు. అత్తయ్య నా మొహం మీద అనలేదు, ఫోన్లో ఆడపడుచుతో అంది, నాకు వినపడింది. అందుకని నడుము పట్టేసినప్పుడల్లా నొప్పి కంటే తప్పు చేశానన్న బాధే ఎక్కువుండేది.

ఆ రోజు సంగతి చెప్తాను. రాత్రంతా నొప్పులు పడ్డాక మత్తు డాక్టర్ వచ్చి, మంచం అంచున కూర్చోబెట్టి, దిండు కావలించుకుని రొయ్యలా ముడుచుకోమన్నారు. నొప్పి వస్తుంటే కదలకుండా ఎలా కూర్చుంటాం? మొదటిసారి ఎముక తగిలిందని తీసేసి రెండోసారి వేశారు. ఇరవై నిమిషాలకి ఒళ్ళు తేలికపడింది, ఆ తర్వాత రెండు గంటలు నిద్రపోయానంటే నమ్మండి. సూది గుచ్చిన చోట కమిలినట్టు ఒక వారం సలిపింది, తగ్గిపోయింది. తగ్గిపోయిందన్న ముక్క మాత్రం తర్వాత నాకే గుర్తు లేకుండా పోయింది.

అసలు నొప్పి మూడో నెలలో మొదలైంది. అప్పటిదాకా గుంటూరులో అమ్మ దగ్గరున్నాను, వావిలాకు నీళ్ళ స్నానం, నడికట్టు, వెల్లుల్లి కారం, అన్నీ సవ్యంగానే జరిగాయి. హైదరాబాద్ వచ్చాక ఒక రాత్రి పక్కకి తిరగబోతే నడుము దగ్గర కలుక్కుమంది. అక్కడి నుంచి ఏడాదిన్నర తిరగని చోటు లేదు. ఒక ఎముకల డాక్టర్ ఎక్స్‌రే చూసి "తల్లులందరికీ ఉండేదే" అని బెల్టు, కాల్షియం రాసి పంపేశారు. విటమిన్ డి పరీక్ష చేయిస్తే బాగా తక్కువగా 11 వచ్చింది, వారానికోటి చొప్పున 60,000 యూనిట్ల మందు వేసుకున్నాను, ఒళ్ళు నొప్పులు తగ్గాయి గానీ నడుము దారి నడుముదే. తైలం మర్దనా చేయించుకుంటే ఆ పూటకి హాయి, అంతే. చివరికి ఎంఆర్‌ఐ తీయించాం. నడుము కింది భాగంలో ఎల్4-ఎల్5 అనే వెన్నుపూసల మధ్య ఉండే మెత్త, అదే డిస్క్, కాస్త ఉబ్బిందని రిపోర్టు. రాత్రంతా టెన్షన్, సూది డిస్కులోకి దిగిపోయిందేమోనని.

ఆ రిపోర్టు చూసిన డాక్టర్ ముందు ప్రశ్నలేశారు: కాలు బలహీనపడుతోందా, మూత్రం, విరేచనం మీద అదుపు తప్పుతోందా, కూర్చునే భాగం మొద్దుబారుతోందా, జ్వరం వస్తోందా? వీటిలో ఏది ఉన్నా ఒక్కరోజు కూడా ఆగొద్దన్నారు. నాకేవీ లేవు. అంత మాత్రం ఉబ్బు ఏ నొప్పీ లేనివాళ్ళకీ స్కానింగుల్లో కనిపిస్తుందని చెప్పి, ఫిజియోథెరపీకి పంపారు. నేను విసుగ్గానే వెళ్ళాను, దీపం వేడి చూపించి, మిషనుతో కరెంటు పెట్టే యవ్వారమే కదా అనుకుని.

అక్కడి ఫిజియోథెరపిస్టు ఆవిడ ఏ మిషనూ తీయలేదు. "నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించండి" అన్నారు. చూపించాను. "సూది ఎక్కడ వేశారు?" వెన్ను మధ్యలో, అంచనాగా చూపించాను. రెండింటికీ మధ్య నాలుగు వేళ్ళ దూరం! నొప్పి కిందగా, ఎడమవైపు, పిరుదు పైన సొట్ట పడే చోట. రెండేళ్ళుగా అరచేత్తో నడుమంతా పట్టుకుని చూపించానే గానీ ఒక్క వేలు పెట్టలేదు. పడుకోబెట్టి ఎడమ కాలు కుడి మోకాలి మీద వేయించి కిందికి నొక్కేసరికి ప్రాణం పోయింది. "ఇది వెన్ను కాదమ్మా, తుంటి ఎముక వెన్నుతో కలిసే కీలు" అన్నారు. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల అక్కడి ఎముకల్ని పట్టి ఉంచే బంధనాలు (లిగమెంట్లు) వదులవుతాయట, పొట్ట కండరాల మధ్య ఇంకా రెండు వేళ్ళ సందు ఉంది, ఆ వదులు నడుముతో నేను పదకొండు కిలోల పిల్లని ఎప్పుడూ ఎడమ చంకనే ఎత్తుకుంటున్నాను. ఎపిడ్యూరల్ తీసుకున్నవాళ్ళనీ తీసుకోనివాళ్ళనీ పోల్చి చూసిన పరిశోధనల్లో దీర్ఘకాలం ఉండే నడుము నొప్పిలో తేడా తేలలేదని కూడా చెప్పారు. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో ఆవిడకి అర్థం కాలేదు.

ఇంటికొస్తూ గుర్తొచ్చింది, అత్తయ్యకి ఇద్దరు పిల్లలూ మంత్రసాని చేతుల మీద ఇంట్లోనే పుట్టారు. ఆవిడ కూడా నడుము పట్టుకునే లేస్తారు.

పది సిట్టింగులు, ఒక్కోటి 500. వెల్లకిలా పడుకుని తుంటి పైకెత్తడం, చేతులూ మోకాళ్ళ మీద ఉండి ఎదురెదురు చెయ్యీ కాలూ చాపడం, ఊపిరి వదులుతూ పొత్తికడుపు బిగించడం, చూస్తే నవ్వొచ్చేంత చిన్నవి. మొదటి మూడు వారాలు నొప్పి పెరిగింది, మానేద్దామనుకున్నాను కూడా. ఇంట్లో మార్చుకున్నవే ఎక్కువ ఉపయోగపడ్డాయనిపిస్తుంది: పాపకి పీట మీద వంగి స్నానం చేయించడం మానేశాను, చంక మారుస్తున్నాను, నేల మీద పరుపు తీసేశాం. ఆరో వారం అనుకుంటా, ఒంటికాలి మీద నిలబడి సల్వార్ వేసుకుంటూ, వేసుకోవడం అయిపోయాక గమనించాను, గోడ పట్టుకోలేదని.

పూర్తిగా పోలేదు. బస్సులో గుంటూరు వెళ్ళొస్తే రెండు రోజులు తెలుస్తుంది, వారం రోజులు ఎక్సర్‌సైజులు ఎగ్గొట్టినా తెలుస్తుంది. రెండోసారి కాన్పంటూ వస్తే ఎపిడ్యూరల్ తీసుకుంటావా అని మా ఆయన అడిగాడు. తీసుకుంటానన్నాను, ఈసారి అత్తయ్యకి వినపడేలాగే.