ఆర్వరి ఒడ్డు ఊళ్లలో

రాజస్థాన్‌లోని అల్వర్‌లో పొద్దున్నే థానాగాజీ బస్సెక్కాను. సరిస్కా అడవిని ఆనుకునే దారి. మార్చి ఆఖరు కావడంతో కొండల మీద ధోక్ చెట్లన్నీ ఆకు రాల్చేసి మోడుగా ఉన్నాయి. కొండల కింద మాత్రం గోధుమ చేలు కోతకొచ్చాయి. ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన పడే చోటు, అదీ చాలావరకు రెండు మూడు నెలల్లోనే. అనంతపురం మనిషిని కదా, ఆ పైరు చూస్తే కళ్లు తిప్పుకోలేకపోయాను.

మా ఊరి చెరువు గురించి ప్లాన్ వేసినప్పుడల్లా ఒకటే తంతు. మ్యాపు ముందే తయారై వస్తుంది, సలహాలు తర్వాత అడుగుతారు, సంతకాలు పెట్టించుకుని వెళ్తారు. అడగడమంటే అది కాదని నా గట్టి నమ్మకం. అందుకే, నీటి గురించి ఊళ్లే కూర్చుని నిర్ణయించుకునే ఈ ఆర్వరి నది చూడాలనుకున్నాను.

నది పుట్టే చోట భాంవతా-కోల్యాలా అనే జంట గ్రామాలున్నాయి. అక్కడొక పెద్దాయన నన్ను జోహడ్ అనే వాననీటి కుంట దగ్గరికి తీసుకెళ్లాడు. వాగుకి అడ్డంగా నెలవంకలా వంపు తిరిగిన మట్టికట్ట, లోపలంతా నెర్రెలిచ్చిన ఒండ్రు, నడిమధ్యన మోకాలి లోతు నీళ్లు. అందులో రెండు గేదెలు. నీళ్లు ఇంతేనా అని నా మొహంలో కనిపించిందేమో, "ఇక్కడ కాదు బేటా, కింద చూడు" అని పొలంలోని బావి దగ్గరికి నడిపించాడు. రాతి వరసల మీద కిందటి వానాకాలపు తడి గుర్తు తెల్లగా తేలి ఉంది. దానికి కాస్త దిగువనే నీళ్లు! జోహడ్‌లో నీరు ఇంకేది ఈ బావుల కోసమే.

"కట్ట ఎక్కడ వెయ్యాలో ఎవరు చెప్పారు బాబా?"

"పశువులు కాసేవాళ్లు. ఏ వానకి ఏ వాగు ఎంత వస్తుందో వాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?"

ఈ పని మొదలైంది కూడా ఒక ఊరి మనిషి మాటతోనే. 1985లో, తర్వాత నీటి సంరక్షణకు పేరుపడ్డ రాజేంద్ర సింగ్, ఆయన మిత్రులు చదువు, వైద్యం అనుకుంటూ ఈ ప్రాంతానికి వచ్చారు. గోపాల్‌పురాలో మంగూ పటేల్ అనే పెద్దమనిషి, మాకు కావలసింది నీళ్లు, జోహడ్‌లు తవ్వండి అన్నాడు. విన్నారు. ఊరూరా కట్టలు లేచాయి. 1990ల నడుమకి ఆర్వరి ఏడాది పొడుగునా పారింది. వానలు తప్పిన ఏళ్లలో ధార తెగుతుందని పెద్దాయన దాచకుండా చెప్పాడు.

నీళ్లొచ్చాక చేపలొచ్చాయి, చేపలతో పాటు ప్రభుత్వం ఇచ్చిన చేపల కాంట్రాక్టూ వచ్చింది. ఊళ్లు అడ్డుకున్నాయి. ఇంతకీ ఈ నది గురించి నిర్ణయం ఎవరిదన్న ప్రశ్న అప్పుడే లేచింది. 1999 జనవరి 26న హమీర్‌పూర్‌లో డెబ్బై దాకా గ్రామాలు కలిసి ఆర్వరి సంసద్, అంటే నదికో పార్లమెంటు, పెట్టుకున్నాయి. ఏడాదికి రెండుసార్లు సమావేశం. చెరకు, వరి వెయ్యకూడదు, బోర్లు వెయ్యకూడదు, గనులు తవ్వనివ్వకూడదు అని వాళ్లకి వాళ్లే కట్టుబాట్లు రాసుకున్నారు. చట్టం ఇచ్చిన అధికారం ఒక్కటీ లేదు. 2000 మార్చిలో అప్పటి రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఇక్కడి దాకా వచ్చారు.

సాయంత్రం దిగువన ఒక ఊళ్లో రచ్చబండ మీద కూర్చోనిచ్చారు. జోహడ్ పూడిక ఏ వైపు నుంచి తియ్యాలన్నది ఆ రోజు మాట. ట్రాక్టర్ రావడానికి సులువని మగవాళ్లంతా రోడ్డు వైపే అన్నారు. వెనక కూర్చున్న ఒకావిడ కొంగు సర్దుకుని, "గేదెలు దిగేది అటే. లోతుగా తవ్వితే దూడలు దిగబడిపోతాయి. మట్టి గట్టు మీద పోస్తే తొలివానకి మళ్లీ లోపలికే" అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పెద్ద చర్చే జరిగింది, చీకటి పడ్డాక రెండో వైపు ఖాయమైంది. ఇంజనీరు కాగితంలో ఆ దూడలు ఎక్కడ కనిపిస్తాయి?

మనకు 1997లోనే సాగునీటి సంఘాల చట్టం వచ్చింది, రైతులు ఓటేసి కమిటీని ఎన్నుకుంటారు అని పెద్దాయనకి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "కాలువ చివరి రైతు మాట్లాడతాడా?" అన్నాడు. తూము దగ్గరి పొలాలవాళ్లే ఎక్కువ మాట్లాడతారని ఒప్పుకున్నాను.

"అయితే మీటింగ్ చివరి పొలంలో పెట్టండి."

ఆ రాత్రే మా ఊరి నీరుగంటి మామకి ఫోన్ చేశాను. ఈసారి పూడికతీత మాట ఎత్తేముందు అందరం చివరి మడుల దగ్గర కూర్చుందాం, ఆడవాళ్లనీ పిలుద్దాం, పొద్దున్నే పెట్టుకుందాం అన్నాను. మామ సరేనన్నాడు గానీ, "పొద్దున పెడితే ఆడోళ్లెవ్వరూ రారప్పా, పనులుంటాయి. మాపటికి పెట్టు" అన్నాడు. మాపటికే పెడుతున్నాం.