విశాఖ రాళ్ళ మీద లూర్ గాలం: నా అనుభవం

జోడుగుళ్లపాలెం రాళ్ళ మీద నుంచి నిన్న తెల్లవారుజామున మెటల్ జిగ్‌తో, అంటే చిన్న చేపలా కనిపించే లోహపు ఎర (లూర్)తో, ఒక మంచి పార చేపను ఒడ్డుకు చేర్చాను. ఆ సంతోషం తాజాగా ఉండగానే, కొత్తగా మొదలుపెట్టేవారికి పనికివస్తుందని ఇది రాస్తున్నాను.

సామాను ఎంపిక పెద్ద కష్టం కాదు. 9 అడుగుల స్పిన్నింగ్ రాడ్, 4000 సైజు రీల్, 30 పౌన్ల బరువు తట్టుకునే బ్రెయిడ్ (అల్లిన దారం), దాని చివర కట్టడానికి 40 పౌన్ల ఫ్లోరోకార్బన్ లీడర్ (రాపిడికి ఓర్చే దారం), 20 నుంచి 40 గ్రాముల జిగ్‌లు కొన్ని ఉంటే ఆరంభానికి సరిపోతుంది. జెట్టీల మీద నిలబడాలనుకునేవారు అనుమతి సంగతి ముందే కనుక్కోవాలి; ఓడరేవు, నౌకాదళం పరిధిలోని బ్రేక్‌వాటర్ల జోలికి అసలు పోకూడదు. ఒక జెట్టీ దగ్గర కాపలాదారు ఎవరిని అడగాలో కూడా చెప్పకుండా నన్ను కసిరి పంపేశాడు కాబట్టి నేను రాళ్ళనే నమ్ముకున్నాను.

నన్ను నిజంగా ఏడిపించింది బ్రెయిడ్‌ను లీడర్‌తో కలిపే ముడి. బ్రెయిడ్ సన్నగా ఉండి ఎంత బరువునైనా లాగుతుంది గానీ, రాతి అంచుకో, రాళ్ళకు అంటుకున్న ఆల్చిప్పలకో రాసుకుందంటే ఇట్టే తెగిపోతుంది. అందుకే చివర లీడర్ తప్పనిసరి. లీడర్ అమ్మిన దుకాణదారుణ్ణి దాన్ని ఎలా కలపాలని అడిగితే, నలుగురు వింటుండగా, "ముడి వేయడం రానివారికి ఇంత ఖరీదైన సామాను ఎందుకండీ?" అన్నాడు. డబ్బు తీసుకున్న చేత్తోనే ఒక ముడి వేసి చూపిస్తే అతని సొమ్మేం పోయేది? నేర్చుకోవడానికి వచ్చినవాణ్ణి అవమానించడం ఏ వ్యాపారానికీ తగదు.

డబుల్ యూని ముడి సులువే, మొదట్లో అది చాలు కూడా. అయితే లీడర్ పొడవుగా ఉన్నప్పుడు ఆ ముడి ఉబ్బు రాడ్ రింగులకు తగిలి విసురు తగ్గిపోతుంది. ఎఫ్.జి. ముడిలో ఆ ఉబ్బు ఉండదు. ఇందులో లీడర్‌కు ముడే పడదు. బిగుతుగా పట్టిన బ్రెయిడ్‌ మీద లీడర్‌ను ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి మార్చి మార్చి సుమారు 20 చుట్లు తిప్పి, తడిచేసి, రెండు వైపులా గట్టిగా లాగితే ఆ చుట్లు లీడర్‌ను కరిచి పట్టుకుంటాయి. సరిగ్గా బిగిసినప్పుడు ఆ చుట్ల రంగు కాస్త ముదురుతుంది. రంగు మారలేదంటే ఆ ముడి జారుతుందనే లెక్క. తరువాత అర ముడులు వేసి, మిగిలిన లీడర్ కొసను దగ్గరగా కత్తిరించాలి. బ్రెయిడ్ వేళ్ళను కోస్తుంది కాబట్టి చేతికి గుడ్డ చుట్టుకుని లాగండి. బ్రెయిడ్ ఏ క్షణాన వదులైనా చుట్లన్నీ చెదిరిపోతాయి గనుక, ఈ పని సముద్రపు గాలిలో కాకుండా ఇంటి దగ్గరే ముగించుకుని వెళ్ళడం మేలు. ఇప్పుడు నేను గాలిలో నిలబడి కూడా జారని ముడి వేయగలనని గర్వంగా చెబుతున్నాను.

రాళ్ళ మీద ప్రాణం ముఖ్యం. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరికలు చూడకుండా బయలుదేరవద్దు. చేరిన వెంటనే గాలం విసరకుండా కాసేపు దూరంగా నిలబడి గమనించండి. రాయి తడిసి నల్లగా ఉందంటే కెరటం అక్కడిదాకా వస్తోందని అర్థం. సముద్రానికి వీపు పెట్టి నిలబడకూడదు, ఒంటరిగా వెళ్ళకూడదు, లైఫ్ జాకెట్ లేకుండా అసలు వెళ్ళకూడదు.

పోటు ఎక్కుతూ ఉండగా, వెలుగు రాకముందే కవళ్ల (చిన్న చేపల) గుంపులు ఎగిరిపడే చోటు దాటేలా జిగ్ విసిరి, అడుగుకు దిగనిచ్చి, కుదుపులతో లాగాలి. జిగ్ కింద ఉండే మూడు కొక్కేల గాలం రాళ్ళకు చిక్కుకుంటుంది కనుక దాన్ని తీసేసి, పై చివర ఒంటి గాలం కట్టుకుంటే జిగ్‌లు పోగొట్టుకోవడం చాలా తగ్గుతుంది.